హైడ్రోలెప్సిస్ అనే లేని అలంకారం

ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుని బతకబోయే కుర్ర లెక్చరర్లకి ముందుగా ఒక మాట. నేను చెప్పేవాటిని పూర్తిగా నమ్మకూడదని మా కాలేజీలో అటెండరు దగ్గర్నించి ప్రిన్సిపాల్ దాకా అందరికీ తెలుసు. వరద రోజుల్లో అరటి బోదెలతో తెప్ప కట్టి, జవాబు పత్రాల కట్ట నెత్తిన పెట్టుకుని, ఏలూరు కాలువ మీద డ్యూటీకి వచ్చానని చెప్పాను. గన్నవరంలో దిగే విమానం పైలట్ రోజూ నాకు చెయ్యి ఊపేవాడని, ఒకరోజు నేను సెలవు పెడితే కంగారుపడి ఊరి మీద రెండు చుట్లు ఎక్కువ తిరిగాడని చెప్పాను. విన్నవాళ్ళు నవ్వేవారు, టీ తెప్పించేవారు. ఏళ్ళ తరబడి అబద్ధాలాడి టీ తాగినవాడికి భయం రుచి తెలియదు. నాకది యాభై మూడో ఏట తెలిసింది. తెలిసిన వారానికే ఉద్యోగం వదిలేశాను.

ఇప్పుడు రాస్తున్నది మాత్రం జరిగింది.

మా కాలేజీ గన్నవరానికీ హనుమాన్ జంక్షన్‌కీ మధ్య, హైవే పక్కన ఉంటుంది. నేను విజయవాడ నుంచి బస్సులో వెళ్ళి వచ్చేవాణ్ణి. బి.ఏ. మొదటి సంవత్సరం పిల్లలకి లిటరరీ టర్మ్స్ చెప్పడం నా వంతు. అదేమీ బ్రహ్మవిద్య కాదు. 'బస్సు కోడిపుంజులా ఊగుతోంది' అంటే సిమిలీ. ఆ 'లా' తీసేసి, 'మా బస్సొక కోడిపుంజు' అంటే మెటాఫర్. 'కాలువ అలిగి పొలం వైపు చూడ్డం మానేసింది' అంటే పర్సనిఫికేషన్. ఇలా కాస్త ఊళ్ళో సరుకు కలిపితే పిల్లలు తలలూపేవారు. తరవాత నోట్సు డిక్టేట్ చేయాలి. ఎంత బాగా చెప్పినా నోట్సు ఇవ్వనివాడు మావైపు లెక్చరరే కాదు.

అప్పటి ప్రిన్సిపాల్‌కి ఒక నమ్మకం ఉండేది. గొంతు వినపడని గదిలో చదువు లేదని. కిర్రు చెప్పులేసుకుని వరండాలో తిరుగుతూ ప్రతి తలుపు దగ్గరా చెవి పెట్టేవాడు. డిక్టేషన్ ఆగిందా, మెమో. రెండు మెమోలు వస్తే మందలింపు, మూడోది వస్తే ఇంటికి. నాకప్పటికే రెండు ఉన్నాయి. ఒకటి విమానం నెత్తి మీద నుంచి పోతున్నప్పుడు ఎవరికీ వినపడదని ఆగినందుకు. రెండోది ఎందుకో ఇప్పుడు అనవసరం.

ఆ రోజు ఏప్రిల్ నెల. కాలువలకి నీళ్ళు కట్టేశారు. కిటికీలోంచి చూస్తే కాలువ అడుగున బురద నెర్రెలిచ్చి, మధ్యలో గొడుగంత మడుగులో నాలుగు కొంగలు నిలబడి ఉన్నాయి. సిలబస్‌లో ఉన్న పదాలన్నీ అయిపోయాయి. ఆఖరున ఎలెజీ చెప్పి, చచ్చినవాళ్ళ మీద రాసే పద్యమని ముగించాను. గంట కొట్టడానికి ఇంకా పన్నెండు నిమిషాలు. వరండాలో కిర్రు చెప్పులు మొదలయ్యాయి. పిల్లలు కలాలు పట్టుకుని నా మొహం చూస్తున్నారు. చెప్పుల చప్పుడు మా తలుపు దగ్గర ఆగింది.

"నెక్స్ట్ టర్మ్," అన్నాను. "హైడ్రోలెప్సిస్."

ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగొద్దు. నీళ్ళు లేని కాలువ కళ్ళ ముందుంది, వెనక మనిషి నిలబడి ఉన్నాడు. "గ్రీకు పదం. నీటితో మొదలైన పోలిక, చేరవలసిన చోటికి చేరకముందే ఎండిపోయి, చదివేవాణ్ణి ఒడ్డు మీద నిలబెట్టేయడం. ఉదాహరణ రాసుకోండి." ఇంగ్లీషులో రెండు పాదాలు చెప్పాను. తెలుగులో వాటి భావం ఇంతే: నీ మాట వరదలా బయలుదేరింది, నా గడప దాకా తడి ఇసుక వచ్చింది.

"ఎవరిది సార్?" అని ముందు బెంచీలోంచి ఒక అమ్మాయి.

"అజ్ఞాత కవి."

చెప్పులు కదిలి పక్క గది వైపు వెళ్ళాయి. నేను గెలిచాను. మిగిలిన సమయంలో హైడ్రోలెప్సిస్‌లో రకాలు కూడా చెప్పాను. పూర్ణం, అపూర్ణం.

ఆ అమ్మాయి మర్నాడు స్టాఫ్ రూము దగ్గరికి వచ్చింది. వాళ్ళది హనుమాన్ జంక్షన్ అవతల ఒక పల్లె. చర్చి పక్కనే ఇల్లు, తల్లీ తండ్రీ నాట్లకీ కోతలకీ వెళ్ళేవారు. గుండ్రటి అక్షరాలు, మార్జిన్ గీసిన పుస్తకం.

"సార్, ఆ పదం లైబ్రరీ డిక్షనరీలో లేదండీ."

చెప్పేయడానికి దేవుడిచ్చిన అవకాశం అది. "కొత్త ఎడిషన్లలో తీసేశారమ్మా," అన్నాను.

"ఎందుకు తీసేశారండీ?"

"వాడేవాళ్ళు లేక."

ఆమె "పాపమండీ," అంది. ఆ పదాన్ని చూసి జాలిపడింది. నేను లోపలికి వెళ్ళి కడుపు పట్టుకుని నవ్వాను.

పదమూడేళ్ళు గడిచాయి. నేను మరచిపోయాను. ఆ పదం నన్ను మరవలేదు. ఆ అమ్మాయి నోట్సు అందంగా ఉందని తరవాతి బ్యాచ్ వాళ్ళు జిరాక్స్ తీయించారు, వాళ్ళ నుంచి ఆ తరవాతి వాళ్ళు. జంక్షన్‌లో జిరాక్స్ షాపువాడు దానికో అట్ట వేసి స్పైరల్ బైండింగ్ చేసి పెట్టుకున్నాడు. ఓసారి పేపర్లు దిద్దే క్యాంపులో వేరే కాలేజీ లెక్చరర్ నన్ను పక్కకి పిలిచి, "సార్, హైడ్రోలెప్సిస్‌కి మీరు ఏ ఎగ్జాంపుల్ ఇస్తారండీ?" అని అడిగాడు. భయపడాల్సిన సమయం అది. నేను పొంగిపోయి రెండు ఇచ్చాను.

ఆ అమ్మాయి ఎం.ఏ. చేసి మా కాలేజీకే గెస్ట్ లెక్చరర్‌గా వచ్చింది. నా పాఠాలు ఆమెకి అప్పగించారు. ఐదేళ్ళుగా ఒక్క క్లాసు మానలేదు. వచ్చే జూన్‌లో పర్మనెంట్ చేస్తామన్నారు. స్టాఫ్ రూములో నా ఎదురు కుర్చీ ఆమెది. నా కథలన్నింటికీ అందరికంటే ముందు నవ్వేది. కథని కథగా, పాఠాన్ని పాఠంగా తీసుకునే మనిషి. ఆ రెండూ ఒకే నోట్లోంచి కలిసి వస్తాయని ఆమెకి తోచలేదు.

ఇక పరీక్ష రోజుకి వస్తాను.

ఆ సెమిస్టర్ పేపరు ఆమె సెట్ చేసింది. నేను ఆ హాల్లో ఇన్విజిలేటర్ని. కవరు చింపి ప్రశ్నపత్రాలు పంచి, మిగిలిన ఒకటి ఊరికే చూశాను. మూడో ప్రశ్న. హైడ్రోలెప్సిస్‌ని నిర్వచించి తగిన ఉదాహరణ ఇవ్వుము. ఐదు మార్కులు. తప్పనిసరి.

గోడకి ఆనుకున్నాను. నలభై మంది పిల్లలు తలలు వంచి రాసేస్తున్నారు. వరుసల మధ్య నడుస్తూ చూస్తే ప్రతి పేపరు మీదా నా తడి ఇసుక. ఒకమ్మాయి మాత్రం కలం కింద పెట్టి కూర్చుంది. ఆ ఏడాదే వేరే కాలేజీ నుంచి మారి వచ్చిన పిల్ల.

"సార్, థర్డ్ క్వశ్చన్ ఏంటి సార్? ఇది ఏ బుక్‌లో ఉంది?"

"తెలిసింది రాయమ్మా," అన్నాను.

"తెలీదు సార్. ఎక్కడా చదవలా."

"అయితే వదిలెయ్."

"కంపల్సరీ కదా సార్!"

ఆ పిల్ల బయటికెళ్ళగానే ఫోన్లో వెతికింది. ప్రపంచంలో ఎక్కడా లేదు. ఆ పిల్ల తండ్రికి మంగళగిరిలో చేనేత చీరల షాపు. మర్నాడు పొద్దున్నే ప్రిన్సిపాల్ గదిలో నిలబడి ఆయన అన్న మాటలు వరండా దాకా వినపడ్డాయి.

"మేం లేని రకం చీరని ఉందని చెప్పి అమ్మితే ఊరుకుంటారా అండీ? నేత చూపించమంటారా లేదా? చూపించండి మరి. ఏ పుస్తకంలో ఉందో చూపించండి. లేకపోతే యూనివర్సిటీకి రాస్తా, పేపరోళ్ళకి ఇస్తా."

ఇప్పటి ప్రిన్సిపాల్ నాకంటే చిన్నవాడు, మర్యాదస్తుడు. కాలేజీ గుర్తింపు కోసం తనిఖీ బృందం రావలసిన నెల అది. అతను కంగారుపడిపోయాడు. వేరే ఊళ్ళో రిటైరైన ఇంగ్లీషు ప్రొఫెసరమ్మని పిలిపించి విచారణ పెడతానన్నాడు. మంగళవారం పదకొండు గంటలకి. ఆలోగా ఆ పదం ఉన్న పుస్తకం చూపించాలి. చూపించలేకపోతే, ప్రశ్న సొంతంగా కల్పించి పరీక్ష పాడుచేసినట్టు రాసి ఆమెని పంపించేస్తారు. అలాంటి కాగితం వెంట ఉన్నవాళ్ళని కృష్ణా జిల్లాలో ఇంకే కాలేజీ గుమ్మం తొక్కనివ్వదు. ఇంతా చేస్తే, ఆ పదం ఎవరి చేత్తో రాసి ఉంది? ఊళ్ళో తిరుగుతున్న ప్రతి జిరాక్స్ మీదా ఆ గుండ్రటి అక్షరాలే. నా చేతిరాత ఎక్కడా లేదు. నేను చెప్పాను, గాలిలో పోయింది. ఆమె రాసింది, మిగిలింది.

మధ్యాహ్నం ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది. కంగారు లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"సార్, ఆ పదం ఏ పుస్తకంలోదో చెప్పండి. మీ పేరు చెప్పలేదు నేను. మా సార్ చెప్పారన్నానంతే. పుస్తకం చూపిస్తే సరిపోతుంది కదండీ, మధ్యలో మీరెందుకు?"

నిజం నాలుక చివరి దాకా వచ్చింది. ఆమె మొహంలోకి చూశాను. ఆ పదం మీద జాలిపడిన పిల్ల మొహమే. "వెతుకుతానమ్మా," అన్నాను. "పాత పుస్తకం. ఇంట్లో ఎక్కడో ఉండాలి."

"నాకు తెలుసండీ మీ దగ్గర ఉంటుందని," అంది.

ఆ రోజు బుధవారం. మంగళవారం దాకా నాకు అన్నం సహించలేదు. ఆమెకి ఎదురుపడకుండా స్టాఫ్ రూముకి పోవడం మానేస్తే, రోజుకొక్కసారి ఫోన్ చేసేది, సాయంత్రం ఐదింటికి. "దొరికిందాండీ?" "ఇంకా లేదమ్మా." "తొందరేం లేదండీ, మంగళవారం దాకా ఉంది." ఇంతే. విజయవాడలో కాలేజీ బస్సు ఎక్కే స్టాపు మార్చేశాను, దారిలో తెలిసినవాళ్ళు తగులుతారని. నిజం చెప్తే ఉద్యోగం పోతుంది, అది ఒక భయం. అంతకంటే పెద్దది ఇంకొకటి ఉంది. నిజం చెప్పాక ఆమె నా వైపు చూసే చూపు.

శనివారం చేసిన పని చెప్తే నన్ను చూసి మీరు నవ్వుతారు. ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల షాపులన్నీ తిరిగాను. నేను పుట్టించిన పదం నాకంటే ముందే ఎవరైనా పుట్టించి ఉంటారేమోనని! లోకంలో ఇన్ని పుస్తకాలున్నాయి, ఎవరో ఒక దొర ఎండిన కాలువ చూసి ఉండడా? ఒక షాపులో మోకాళ్ళ మీద కూర్చుని పాత గ్లాసరీలన్నీ తిరగేశాను. 'హెచ్' దగ్గరికి రాగానే ఒక్కో పేజీ రెండేసి సార్లు చూసేవాణ్ణి. హైకూ ఉంది, హైపర్‌బొలీ ఉంది. అంటే గోరంతని కొండంత చేసి చెప్పడం, నా ఇంటిపేరులాంటిది. నాకు కావలసింది మాత్రం లేదు.

షాపు పెద్దాయన చాలాసేపు చూసి అడిగాడు. "ఏం పుస్తకమండీ?"

"పేరు తెలీదండీ."

"రాసినాయన?"

"అదీ తెలీదు."

"రంగన్నా చెప్పండి."

"తెలీదండీ. దాంట్లో ఒక పదం ఉండాలి."

ఆయన గంపెడు పుస్తకాలు దించి నా ముందు పెట్టి, "నలభై ఏళ్ళ నుంచి అమ్ముతున్నానండీ," అన్నాడు. "పుస్తకం కోసం వచ్చినోళ్ళ మొహం ఒకలా ఉంటది. పోలీసులు ఎంటబడినోళ్ళ మొహం ఒకలా ఉంటది. మీదేంటండీ, ఈ రెండోదిలా ఉంది? మంచినీళ్ళు తాగుతారా?"

తాగాను. తాగి, ఇంకో గంప దించమన్నాను.

మంగళవారం వచ్చింది. ఖాళీ సంచి భుజాన వేసుకుని కాలేజీకి వెళ్ళాను. సంచి ఎందుకంటే, దాన్ని చూస్తే ఆమె పుస్తకం తెచ్చాననుకుని కాసేపైనా ధైర్యంగా ఉంటుందని. అంత నీచమైన ఆలోచన నాకు ముందూ వెనకా రాలేదు. ప్రిన్సిపాల్ గది తలుపు వారగా వేసి ఉంది. బయట నిలబడ్డాను. సందులోంచి కనిపిస్తోంది. బల్ల మీద జిరాక్స్ కాగితం. ఒక వైపు ప్రిన్సిపాల్, పక్కన తెల్ల నూలు చీరలో ప్రొఫెసరమ్మ. డెబ్బై దాటిన మనిషి, పెన్ను పట్టుకున్న చెయ్యి మాత్రం కదలడం లేదు. ఎదురుగా నా శిష్యురాలు, మా అమ్మాయి.

"ఇది ఎవరి చేతిరాత?" అంది ప్రొఫెసరమ్మ.

"నాదేనండీ."

"ఈ పదం లేదు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. ఎక్కడ దొరికింది నీకు?"

"నేను చదువుకున్నప్పుడు చెప్పారండీ."

"ఎవరు?"

ఆమె తలుపు వైపు చూసింది. నేను పక్కకి జరిగాను. అవును, జరిగాను. "వారు పుస్తకం తెస్తున్నారండీ," అంది.

"పదకొండున్నర అయిందమ్మా," అన్నాడు ప్రిన్సిపాల్. "పేరు చెప్పవు, పుస్తకం చూపించవు. మేమేం చెయ్యాలి చెప్పు? నాకూ బాధగానే ఉంది."

హైవే మీద బస్సు ఆగింది. "బెజవాడ, బెజవాడ, బెజవాడ" అని కండక్టరు అరుస్తున్నాడు. ఇరవై అడుగులేస్తే ఆ బస్సులో ఉంటాను. గేటు వైపు నాలుగు అడుగులు వేశాను కూడా. లోపల ప్రిన్సిపాల్ గొంతు వినపడింది. "అయితే రాసేద్దామా మేడమ్?"

ధైర్యం చేశానని మాత్రం అనుకోవద్దు. ఈ చెవులు ఆ మాట విన్నాక బస్సెక్కి విజయవాడ దాకా కూర్చోవడం ఎలాగో తెలియలేదు, అంతే. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను.

"ఆ పదం నాది," అన్నాను. "లేదు, లోకంలో లేదు. నేనే పుట్టించాను. ఈ అమ్మాయి నా క్లాసులో కూర్చుని రాసుకుంది."

ప్రిన్సిపాల్ నవ్వాడు.

"కూర్చోండి మాస్టారూ." ప్రొఫెసరమ్మ వైపు తిరిగాడు. "ఈయన ఇంతేనండీ. అరటి తెప్ప మీద కాలేజీకొచ్చానంటారు, పైలట్ చెయ్యి ఊపాడంటారు. మనసు మాత్రం వెన్న. శిష్యురాలి కోసం నింద నెత్తిన వేసుకోవడానికి వచ్చారు."

"కథ కాదండీ, నిజం!"

"ప్రతిసారీ అదే అంటారు కదా మాస్టారూ."

నా జీవితంలో చెప్పిన ఒక్క నిజాన్ని నా అబద్ధాలన్నీ కలిసి గుమ్మంలోనే తన్ని పంపేస్తున్నాయి. ఆ అమ్మాయి కూడా నా వైపు చూసి చిన్నగా తల అడ్డంగా ఊపింది. "ఎందుకండీ మీకిది?" అన్నట్టు. ఆమె కూడా నమ్మలేదు!

ప్రొఫెసరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "రుజువేమన్నా ఉందా?"

"లేదండీ."

"మీరు పుట్టించగలిగినవారైతే ఇంకొకటి పుట్టించండి. ఇప్పుడే, ఇక్కడే. పేరు, నిర్వచనం, ఉదాహరణ. నేను రాసుకుంటాను." తెల్ల కాగితం ముందుకు లాక్కుని పెన్ను మూత తీసింది. "ఊఁ. చెప్పండి."

ఎంత తేలిక పని! ఇరవై ఏడేళ్ళుగా అదే కదా నేను చేసింది. నోరు తెరిచాను. "గ్రీకు..." అన్నాను. గ్రీకు తరవాత ఏమీ లేదు. కిటికీలోంచి కాలువ వైపు చూశాను, నిండుగా పారుతోంది, నాకేమీ ఇవ్వలేదు. "ఒక పోలిక..." అన్నాను. పెన్ను కాగితం మీద ఆనుకుని ఉంది. గోడ గడియారంలో ముల్లు ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు మొదలెట్టింది. బుర్రలో అబద్ధమన్నది ఒక్క చుక్క లేదు. తోడేసిన బావిలా ఉంది.

ప్రొఫెసరమ్మ పెన్ను మూత పెట్టేసింది.

"ఈయనకి అబద్ధం రావడం లేదు," అంది ప్రిన్సిపాల్‌తో. "మీరు చెప్పినంత అలవాటున్న మనిషికి రావడం లేదంటే, ఇందాక చెప్పింది నిజమే. రాసుకోండి."

ప్రిన్సిపాల్ నవ్వు ఆగిపోయింది. మా అమ్మాయి గొంతు చాలా మెల్లగా వినపడింది.

"మరి ఆ అజ్ఞాత కవి అండీ?"

"నేనేనమ్మా," అన్నాను.

ఆమె జిరాక్స్ కాగితాన్ని తిప్పి బల్ల మీద బోర్లా పెట్టింది.

తరవాత జరిగింది కాగితాల పని. ప్రశ్న రద్దు, రాసినవాళ్ళకీ రాయనివాళ్ళకీ ఐదు మార్కులు. చీరల షాపాయనకి క్షమాపణ ఉత్తరం, నా సంతకంతో. ఆమె మీద ఏ మచ్చా లేదని ప్రొఫెసరమ్మ సొంత దస్తూరీతో రాసింది. నన్ను నెలాఖరుకి స్వచ్ఛందంగా రిటైర్ కమ్మన్నారు, అప్పటిదాకా సెలవు. ప్రిన్సిపాల్ అది చెప్తూ నా మొహం చూడలేకపోయాడు. "మాస్టారూ, ఆ తెప్ప కథ కూడా..." అని ఆగాడు. చిన్నపిల్లాడిలా ఉన్నాడు. నేను ఖాళీ సంచి భుజాన సర్దుకుని బయటికొచ్చాను.

వరండాలో ఆమె నిలబడి ఉంది. సిగ్గులేకుండా చెప్తున్నాను, కృతజ్ఞత చెప్తుందనుకున్నాను.

"పదమూడేళ్ళండీ," అంది.

"పొరపాటైందమ్మా."

"ఆదివారం సండేస్కూలు పిల్లలకి కూడా చెప్పానండీ. చర్చిలో, మైకులో. కీర్తన అర్థం చెప్తూ ఇది హైడ్రోలెప్సిస్ అన్నాను. పాస్టర్ గారు కూడా రాసుకున్నారు." గొంతు వణికింది. ఏడుస్తుందనుకున్నాను, కోపం అది. "మీరు పుస్తకం తెస్తారని ఆరు రోజులు నిద్దరపోయానండీ నేను. నిశ్చింతగా. అదే నాకు మండుతోంది."

"ఏం చెయ్యమంటావు చెప్పమ్మా."

"నాతో చెప్పక్కర్లేదు. వాళ్ళతో చెప్పండి. మధ్యాహ్నం మొదటి పీరియడ్ నాదే. రండి."

విచారణ గదిలోకంటే ఆ క్లాసులోకి వెళ్ళడానికి ఎక్కువ భయపడ్డాను. నలభై మంది. బోర్డు దగ్గర నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. కిర్రు చెప్పులు, రెండు మెమోలు, పన్నెండు నిమిషాలు, అన్నీ. నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. "నోట్సు తీసి ఆ పదం కొట్టేయండి," అన్నాను. కాగితాల చప్పుడు, గీతల చప్పుడు. మా అమ్మాయి తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి చూస్తోంది.

రెండో బెంచీలోంచి ఒక పిల్ల లేచింది.

"సార్, మరి మిగతావి?"

"మిగతావేంటమ్మా?"

"ఇవన్నీ కూడా మీరు చెప్పినవే కదా సార్, మేడమ్‌కి. సిమిలీ ఉందా సార్?"

"ఉందమ్మా."

"ఎలా నమ్మాలి సార్?"

తలుపు వైపు చూశాను. "ఫోన్లు తియ్యండి," అంది మా అమ్మాయి పిల్లలతో. కాలేజీలో ఫోన్ తీస్తే లాక్కునే మనిషి. "ఒక్కోటీ వెతకండి. సార్ ఇక్కడే ఉంటారు."

మొదలెట్టారు. సిమిలీ ఉంది. మెటాఫర్ ఉంది. పర్సనిఫికేషన్ ఉంది. ఒక్కో పదానికీ ఎవరో "ఉంది" అనేవారు, నేను ఊపిరి వదిలేవాణ్ణి. ఇరవై ఏడేళ్ళు కళ్ళు మూసుకుని చెప్పిన పదాలు. ఇంకా ఏవేవి కల్పించానో నాకే గుర్తు లేదేమో, ఆ రోజుల్లో ఎన్ని పన్నెండు నిమిషాలు ఉన్నాయో, అన్న భయం అప్పుడు పట్టుకుంది. వెనక బెంచీ కుర్రాడొకడు గట్టిగా అన్నాడు.

"సినెక్‌డకీ అంట! ఇది మాత్రం సార్ కల్పించిందేరా. పేరు చూడు!"

క్లాసంతా నవ్వింది. మా అమ్మాయి నవ్వలేదు. సినెక్‌డకీ అంటే ఒక్క భాగం చెప్పి మొత్తాన్ని చూపించడం. 'నాట్లకి పది చేతులు కావాలి' అంటే పదిమంది మనుషులు కావాలని. పుస్తకాల్లో ఉంది, నేను చదివాను, నాకు తెలుసు. తెలుసనే అనుకుంటున్నాను. రెండో బెంచీ పిల్ల ఆ పదం టైపు చేసింది. సిగ్నల్ సరిగ్గా లేదు. తెర మీద చక్రం తిరుగుతోంది. నేను బోర్డు అంచు పట్టుకుని, ఆ పిల్ల మొహం వైపే చూస్తూ నిలబడ్డాను.

"ఉంది సార్," అంది.

"నెక్స్ట్," అంది మా అమ్మాయి.